మూడో చరణం లేని పాట

ఆ రోజుల్లో నారాయణఖేడ్‌లో పాట వినడం ఎవరికీ కష్టమైన పని కాదు. బస్టాండు ఎదుటి దుకాణాల్లో నూట యాభై పాటలు ఒకే సీడీలో కుక్కి అమ్మేవాళ్ళు. ఆటోవాళ్ళు కల్హేర్ దాకా పాటలు మోగిస్తూనే తీసుకెళ్ళేవాళ్ళు. ఇంటింటికీ టీవీ వచ్చేసింది, జేబుల్లోకి అప్పుడప్పుడే ఫోన్లు దిగుతున్నాయి. ఊరంతా ఇంత తేలిగ్గా చేసుకుంటున్న పనిని ఒక కష్టంగా మార్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒక సర్కారు ఆఫీసులో కొత్తగా గుమాస్తా ఉద్యోగం, చేతినిండా తీరిక, తలనిండా అభిప్రాయాలు. ఆ వయసులో మనిషికి ఏదో ఒక విషయంలో తను మిగతావాళ్ళకన్నా సున్నితమైనవాణ్ణని అనిపించాలి. కొందరికి అది కవిత్వంతో తీరుతుంది, కొందరికి ప్రేమతో. నాకు చెవులతో తీరింది. నెట్ సెంటర్లో గంట కూర్చుని చదివిన ఒక వ్యాసంలో, సీడీల్లో ఉండేది పాట కాదనీ పాట శవమనీ, అసలు ధ్వని నల్లటి పాత రికార్డుల మీద చెక్కిన సన్నటి గాళ్ళలోనే బతికి ఉందనీ రాశారు. రాసినాయన ఏ దేశంవాడో తెలియదు గానీ, నా కోసమే రాసినట్టనిపించింది.

రికార్డుల కోసం నేను దూరం వెళ్ళాల్సిన పని లేకపోయింది. మా మేనమామే ఒకప్పుడు ఆ చుట్టుపక్కలకంతా మైకు సెట్టు నడిపినవాడు. ఊరంతా ఆయన్ని 'మైకు మామ' అనేది (వరసకు తాతలయ్యేవాళ్ళు కూడా మామా అనే పిలిచేవాళ్ళు, ఆయనకూ అభ్యంతరం ఉండేది కాదు). సిర్గాపూర్‌లో పెళ్ళయినా, బోరంచలో జాతరైనా, ఆయన బాకాలు కట్టందే మొదలయ్యేది కాదట. తరవాత పెద్ద పెద్ద డబ్బాల డీజేలు వచ్చాయి. మామ బాకాలు విప్పి దూలానికి వేలాడదీసి, రికార్డులను ఒక రేకు సందూకలో పెట్టి మూత వేశాడు. నేను వెళ్ళి అడగగానే, "తీస్కపో అల్లుడా. జాగ ఖాళీ అయితది, మీ అత్త ఉల్లిగడ్డలు పోసుకుంటది" అన్నాడు. తొంభైకి పైగా రికార్డులు, వాటితోపాటు పాత ప్లేయరు, ఆంప్లిఫయరు నా గదికి చేరాయి. మామ రికార్డులను 'ప్లేట్లు' అనేవాడు. సూదిని 'ముల్లు' అనేవాడు. నాలుగు రోజుల్లో నేనూ అలాగే అనడం నేర్చుకున్నాను, పుట్టుకతోనే అన్నట్టు.

ఇక అక్కణ్ణుంచి నా కష్టాలు. ఖేడ్ దుమ్ము సంగతి అక్కడ బతికినవాళ్ళకే తెలుస్తుంది. అది కిటికీ మూసినా వస్తుంది, మూయకపోయినా వస్తుంది, వచ్చి సరిగ్గా ప్లేటు గాళ్ళలోనే స్థిరపడుతుంది. పాట పెట్టగానే చిటపటలు మొదలయ్యేవి. నాయిన గడపలో నిలబడి, "ఏందిరా, పాట ఇంటున్నవా, మక్కప్యాలాలు ఏంచుతున్నవా?" అని అడిగేవాడు. కుంకుడు రసంతో కడిగితే పోతుందని ఎక్కడో చదివి, ఒక్కో ప్లేటుకు తలంటు పోశాను. మా చెల్లె రెండు చేతులతో ప్లేటు అంచులు పట్టుకుని కూర్చునేది, నేను చిన్నపిల్లల జుట్టు దువ్వే మెత్తటి కుచ్చుతో గాళ్ళ వెంట రుద్దేవాణ్ణి. "అన్నా, నా తలకు పోసుకునేటందుకు నాలుగు కుంకుళ్ళన్న మిగులుస్తవా?" అని అడిగేది పాపం. దుమ్ము పోతే కరెంటు. పొలాలకు కరెంటు ఇచ్చే వేళకు చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యేవి. ఇంట్లో బల్బు ఎర్రబడేది, ప్లేటు బద్ధకంగా తిరిగేది, పాడుతున్నావిడ గొంతు మెల్లగా బరువెక్కి రెండో చరణానికల్లా ఆవిడ కాస్తా ఆయన అయిపోయేది. నేను మోటార్ల వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను. మా ఇంట్లో సెంటు భూమి లేదు గానీ, ఏ ఊరికి ఎన్నింటికి కరెంటు వస్తుందో రైతులు నన్నడిగి వెళ్ళేవాళ్ళు.

ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ, ఒకదాన్ని ఓర్చుకోలేకపోయాను. మామ ఇచ్చిన వాటిలో పెళ్ళి పాటలన్నీ ఎక్కడో ఒకచోట దూకేవి. మామూలుగా గీత పడ్డ ప్లేటు ఒకే మాటను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంటుంది. ఇవి అలా కాదు. పాట సాఫీగా సాగుతూ, రెండో చరణం అవగానే చప్పుడు లేకుండా జారి చివరి పల్లవిలో పడేది. అన్నింటికన్నా నాకు ఇష్టమైనది ఒక పాత సినిమా పెద్ద ప్లేటు, అందులో మొదటి పక్క మధ్యలో ఒక పెళ్ళి పాట. మా వైపు ఆ పాట లేకుండా ఒక తరం పెళ్ళిళ్ళే జరగలేదంటారు. సీడీల్లోకి మాత్రం అది ఇంకా ఎక్కలేదు, ప్లేటు మీద తప్ప దొరికేది కాదు. దాన్ని వెలుతురులో అటూ ఇటూ వంచి భూతద్దంతో చూశాను. చిన్న గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఏ మోటు చెయ్యి చేసిందో గానీ కావాలనే చేసిందనిపించి, రక్తం మరిగి మామ దగ్గరికి వెళ్ళాను.

"మామా, నీ పెండ్లి ప్లేట్లన్నీ ఎవడో గీకి ఖరాబు జేసిండు."

"ఎవడో ఎందుకు గీకుతడు? నేనే గీకిన" అన్నాడు మామ, ఏదో బిరుదు ఒప్పుకుంటున్నట్టు.

"ఎందుకు మామా?"

"ఎందుకంటవేందిరా? పెండ్లింట్ల ఏడుపు చరణమొస్తె మైకోన్ని తంతరు గని, పాట రాసినోన్ని తంతరా? రాసినోడు మద్రాసుల ఉంటడు. నేను గీడ ఉంట."

తరవాత ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. సినిమాలో ఆ పాట హాయిగా పందిరితో మొదలవుతుంది, రెండో చరణంలో అమ్మాయి సిగ్గుపడుతుంది, మూడో చరణానికి వచ్చేసరికి ఆ పెళ్ళి జరుగుతున్నది ఇంకొకడితో అని పాడేవాడికి గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి దీపాలు కొండెక్కడం, పడవలు మునగడం. "సినిమావోనికి గది పాట. పెండ్లోనికి శాపం" అన్నాడు. అందుకని ఆయన కొత్త ప్లేటు తేగానే ముందు ఇంట్లో చివరిదాకా విని, ఏడుపు మొదలయ్యే చోట ఒక చుక్క, ముగిసే చోట ఒక చుక్క పెట్టి, రెండింటినీ కలుపుతూ గీత గీసేవాడు. "సీదా గీస్తె ముల్లు ఆడ్నే చక్కర్లు కొడతది. ఏటవాలుగ, లోపటికి గీయాలె. అప్పుడు జారి పల్లవిల దిగుతది. ఇన్నోనికి ఎరకనే కాదు. ఇన్నేండ్లు మైకు కట్టిన, ఒక్క పెండ్లి గూడ నా పాటతోని ఆగలే."

నేనాయనకు గాళ్ళ లోతు గురించీ, ధ్వని స్వచ్ఛత గురించీ, కళాఖండాన్ని గాయపరచడం గురించీ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మొత్తం విని, "చాయ్ తాగుతవా?" అని అడిగాడు మామ. తాగాను. కానీ ఆ పాటను మూడో చరణంతో సహా, ఒక్క గీత లేకుండా సంపాదించి తీరాలని చాయ్ గ్లాసు కింద పెడుతూనే నిర్ణయించుకున్నాను. మా చెల్లెతో చెప్పాను కూడా. "మంచిది, పెండ్లి గూడ గట్ల పట్టుబట్టి చేసుకో" అంది.

అది దొరకడానికి రెండేళ్ళు పట్టింది. నెలకో ఆదివారం పొద్దున్నే బస్సెక్కి హైదరాబాదు పాత సామాన్ల అంగడికి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక చాచా పాత రేడియోలు, గడియారాలతోపాటు ప్లేట్లూ పరుచుకుని కూర్చునేవాడు. ఆయన తన దగ్గరున్న ప్రతి ప్లేటునీ 'బిల్కుల్ నయా', సరికొత్తది అనేవాడు, చెద పట్టిన అట్టలో ఉన్నదాన్ని కూడా. అలా నమ్మి తెచ్చుకున్న వాటిలో ఒకటి ఎండకు వంగిపోయి ముల్లును అలల మీద పడవలా ఎత్తి పడేసింది. ఒకదానికి అట్ట ఒకటి, లోపల ప్లేటు ఒకటి (ఇంటికొచ్చి ఆశగా పెడితే గుర్రపు స్వారీ నేర్పే ఇంగ్లీషు పాఠం). చివరికి ఒకరోజు నిజంగానే బిల్కుల్ నయా దొరికింది. ఎవరో డాక్టరు గారి ఇంట్లో పెళ్ళికానుకగా వచ్చిన ప్లేటట. ప్లేయరు లేని ఇల్లు కాబట్టి ఒక్కసారి కూడా ముల్లు తగలలేదు. నేను చేతిలో ఉన్నదంతా ఇచ్చినా చాచాకు చాలలేదు. మార్పిడికి ఇంకో ప్లేటు కావాలన్నాడు. పోల్చి చూసుకోవడానికని మామ ప్లేటు వెంట తీసుకెళ్ళి ఉన్నాను. అదే పాట, అదే అట్ట. మామ గీత ఎంత సాఫుగా ఉండేదంటే, చాచా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి కూడా పట్టలేకపోయాడు. నేను పట్టించలేదు. ధ్వని స్వచ్ఛత గురించి అంత మాట్లాడినవాణ్ణి, ఆ కాసేపు నోరు మెదపలేదు.

తిరుగు బస్సులో కూర్చోడానికి చోటు లేదు. ప్లేటును గుండెకు అదుముకుని నిలబడ్డాను. సంగారెడ్డి దాటాక ఒక పెద్దామె నా చేతిలోని చదరపు అట్టను చూసి, "ఎక్సురేనా బిడ్డా? ఎవలికేమైంది?" అంది. నేను జవాబు వెతుక్కునే లోపలే పక్కన ఎవరో, "పెద్ద దవాఖాన నుంచి వస్తుండు, పాపం" అన్నారు. ముఖం చూస్తే తెలుస్తోందన్నారు ఇంకొకరు. వెంటనే సీటు దొరికింది. "ధైర్యం ఇడువకు బిడ్డా, గీ రోజుల్ల అన్నిటికీ మందులున్నయి" అంది పెద్దామె. నేను తలూపి, ఖేడ్ వచ్చేదాకా కూర్చునే వచ్చాను. నిజం చెప్పే అవకాశం చాలాసార్లు వచ్చింది, సీటు మాత్రం ఒక్కటే ఉంది.

మోటార్లు ఆగిన వేళ చూసుకుని, తలుపు మూసి, ఆ పాట పెట్టాను. ఒక్క చిటపట లేదు. పల్లవికి ముందు పాడేవాడు ఊపిరి తీసుకోవడం వినబడింది. వేణువు ఆగాక ఆ గాలి కాసేపు గదిలో నిలిచింది. రెండో చరణం అయ్యాక, నా జీవితంలో మొదటిసారి, మూడో చరణం వచ్చింది. దీపం కొండెక్కింది, పడవ మునిగింది, ఆ గొంతు ఒకచోట వణికి మళ్ళీ తమాయించుకుంది. పాటకు ప్రాణమంతా అక్కడే ఉంది. మామ ఇన్నేళ్ళూ ఊరికి ప్రాణం తీసేసిన పాట వినిపించాడనుకున్నాను. నాకు చాలా సంతోషంగా ఉండింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, గర్వంగా ఉండింది.

ఆ గర్వం ఏడాదిలో పనికొచ్చింది. మా చెల్లెకు బీదరు వైపు సంబంధం కుదిరింది. అబ్బాయికి బట్టల దుకాణం. వాళ్ళు కన్నడం మాట్లాడే వర్తకులు, మనుషులు మెత్తనివాళ్ళు, ఒక్క అబ్బాయి నాయనమ్మ తప్ప. అందరూ ఆమెను అజ్జి అనేవాళ్ళు, ఆమె తల ఊపితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. నాయిన డీజే మాట్లాడబోతుంటే నేను అడ్డం పడ్డాను. నా చెల్లె పెళ్ళిలో శవాల పాటలా? మామ బాకాలు కట్టాలి, అసలు ప్లేట్లు మోగాలి, ఖేడ్ మొత్తం నిజమైన ధ్వని అంటే ఏమిటో ఒక్కసారైనా వినాలి అన్నాను. మామ ఈ మాట విని చిన్నపిల్లాడైపోయాడు. అప్పటికే ఆయన కళ్ళలో పొరలు కమ్మాయి. ప్లేటు మీద గీతలు కాదు కదా, అట్టమీద బొమ్మ కూడా కనబడేది కాదు, వేళ్ళతో తడిమి పని చేసేవాడు. అయినా బాకాలు దగ్గరుండి తుడిపించాడు. "గా పెండ్లి పాట నా ప్లేటే పెట్టు అల్లుడా. కొత్తయి నమ్మకు" అన్నాడు. "అదే మామా" అన్నాను. నా ఉపాయం నాకుంది. నా ప్లేటే పెట్టి, రెండు చరణాలూ తేటగా వినిపించి, మూడోది మొదలయ్యే ముందు నేనే ముల్లు ఎత్తేస్తాను. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు.

పెళ్ళి మా ఇంటి ముందు గల్లీలోనే, షామియానా వేసి. మామనూ సామానునూ బియ్యం బస్తాలు పెట్టిన కొట్టులో కూర్చోబెట్టాం. పొద్దున తొమ్మిదింటికల్లా మగపెళ్ళివాళ్ళు గల్లీ మొగకు వచ్చారు. నేను ప్లేటు మీద ముల్లు దించాను. బాకాల్లోంచి పాట లేచింది. అంత తేటగా ఆ గల్లీలో ఏ పాటా ఎప్పుడూ మోగలేదు. ఎవరైనా తలెత్తి ఆశ్చర్యపోతారేమోనని కిటికీలోంచి చూస్తున్నాను, ఎవరూ ఎత్తలేదు. అంతలో నాయిన కేక వేశాడు. "ఏడున్నవురా? ఎదురుకోళ్ళకు ఆడపిల్ల అన్న లేకుంటె ఎట్ల? జల్దీ రా!" ఇద్దరు మనుషులు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని దాదాపు మోసుకెళ్ళారు. పెళ్ళిళ్ళలో బామ్మర్ది కావలసినప్పుడు అతని మాట ఎవరూ వినరు. చూస్తూ చూస్తూ ఉండగానే నా చేతుల్లో పూలదండ, ఎదురుగా కాబోయే బావ, ఆయన పక్కన కర్ర పట్టుకుని అజ్జి, తల పైన రెండో చరణం.

రెండో చరణం అయిపోయింది. కొట్టులో మామ నిశ్చింతగా చాయ్ తాగుతున్నాడని తరవాత తెలిసింది. ఇన్నేళ్ళుగా ఆ చోట ఆ ముల్లు ఆయన కోసం జారుతూనే ఉంది మరి. ఇవాళ జారలేదు. రెండు బాకాల్లోంచి, ఒక్క చిటపట లేకుండా, మాట మాటా విడివిడిగా, దీపం కొండెక్కడం మొదలైంది. నేను దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ప్లేటు నిజంగా మంచి ప్లేటు. గొంతు వణకడం కూడా గల్లీ చివరి దాకా వినబడింది.

అజ్జి తల పైకెత్తింది. ఆమెకు తెలుగు పాట మాటలు అంతగా తెలియవు, కానీ ఏడుపుకు భాష అక్కర్లేదు కదా. "యాకప్పా అళ్తానె?" అంది (ఎందుకు ఏడుస్తున్నాడని). ఎవరో పరుగెత్తి కొట్టులో పాట ఆపించారు. అది ఇంకా చెడ్డదయింది, పడవ మునుగుతుండగా ఆగిపోయింది. అజ్జి కర్ర నేలకు గుద్ది, ఒక కుర్చీ తెప్పించుకుని గల్లీ మధ్యలో కూర్చుంది. "నా మొమ్మగని పెండ్లికి ఏడ్చే పాట పెట్టిండ్రు. నేను గడప తొక్కను" అంది. ఆమె తొక్కకపోతే మనవడు తొక్కడు, మనవడు తొక్కకపోతే పెళ్ళి లేదు. నాయిన చేతులు జోడించి కుర్చీ చుట్టూ తిరిగాడు. అయ్యగారు లగ్నానికి గంట ఉందని ఒకసారి, ముప్పావుగంట ఉందని ఒకసారి చెప్పి ఊరుకున్నాడు.

చివరికి దారి కూడా అజ్జే చెప్పింది. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఏం చేస్తాం? కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరతాం. ఇదీ అంతే. ఇదే పాట, ఇదే మిషన్లో, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా, ఏడుపు లేకుండా వినిపించాలి. అప్పుడు లేస్తుంది. "ఇంకో పాట పెడితే?" అని ఎవరో అడిగితే, "తుమ్మింది ఒకరు, నీళ్ళు తాగేది ఇంకొకరా?" అంది.

నేను కొట్టులోకి పరుగెత్తాను. మామ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. "నా గీత ఏమాయెరా?" అన్నాడు. దాచడానికి ఇంక ఏం లేదు. ఇది నా ప్లేటని, ఆయన ప్లేటు చాచాకు మార్పిడిలో ఇచ్చేశానని చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఒక్క పెండ్లి గూడ ఆగలే ఇంతవరకు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చేత్తో ముల్లెత్తి పల్లవిలో పెడతానన్నాను. "చేత్తోని ముల్లు దించితె ధన్‌మని పిడుగు పడ్డట్టు ఇనిపిస్తది. ముసలామె ఈసారి బీదరు దాంక ఆగదు. ఇగ ఒక్కటే. గీత పడాలె. నాకు కండ్లు లేవు. నువ్వే గీయి."

బియ్యం బస్తా కుట్టిన దబ్బనం అక్కడే ఉంది. స్కేలుకు బదులు ఒక పెళ్ళిపత్రిక అంచు. మామ ఆంప్లిఫయరు బందు చేయించి, ప్లేటు తిప్పి దాని దగ్గర చెవి పెట్టమన్నాడు. బాకాలు ఆపినా ముల్లు తనంతట తాను పాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. చీమంత గొంతుతో, ప్లేటు మీద వంగినవాడికి మాత్రమే వినబడేలా పాడుతుంది. నా తలా మామ తలా తగులుకుంటూ ఉండగా మూడో చరణం విన్నాం. బయట గొడవ, లోపల ఆ పిసరంత పాట. రెండేళ్ళు తిరిగి సంపాదించిన అంత మంచి ధ్వని కూడా నాకెప్పుడూ అంత దగ్గరగా వినబడలేదు. మొదలైన చోట ప్లేటు ఆపి కుంకుమ చుక్క పెట్టాను. ముగిసిన చోట ఇంకో చుక్క పెట్టాను. దబ్బనం చేతిలోకి తీసుకుని, ఆగిపోయాను.

తలుపు దగ్గర మా చెల్లె. పెళ్ళి చీర, నుదుట బాసికం, వెనక లాగుతున్న ఆడవాళ్ళు. "అన్నా, గిది నీ హైదరాబాద్ ప్లేటే గదా? దీన్ని ఖరాబు జెయ్యకు. అజ్జిని నేను బతిలాడుత" అంది. తన పెళ్ళి గల్లీ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే, అది నా ప్లేటు గురించి పరేషాన్ అవుతోంది. చేతులు నానేలా కుంకుడు రసంలో ప్లేట్లు పట్టుకున్నది అదే. నాకు సిగ్గేసింది. దుఃఖం కూడా వచ్చింది గానీ, ఎక్కువగా సిగ్గే. పత్రిక అంచు ఆనించి దబ్బనం నొక్కాను. "ఏటవాలుగ" అన్నాడు మామ. "లోపటికి. ఆగకు." కిర్రుమని, చిన్న చప్పుడు. అంతే.

మళ్ళీ తిప్పి చూశాం. రెండో చరణం చివర ముల్లు గీత ఎక్కి, సద్దు లేకుండా జారి పల్లవిలో దిగింది. మామ తన వేలికొసతో గీతను తడిమి, "నాకన్న సాఫుగ గీసినవ్" అన్నాడు. నా చెవుల గురించి నేను ఎన్ని చెప్పుకున్నా ఎవరూ మెచ్చుకోలేదు. నా జన్మలో సంగీతం విషయంగా వచ్చిన ప్రశంస అదొక్కటే. బయట అజ్జి మంచినీళ్ళు తాగింది, పాట మొదటి నుంచి లేచింది, పందిరి, సిగ్గు, పల్లవి. అజ్జి చెవి ఒగ్గి చివరి దాకా విని, "సరి ఆయ్తు" (సరిపోయింది) అని లేచి నడిచింది. లగ్నానికి ఇంకా పావుగంట ఉంది.

సాయంత్రం కారెక్కే ముందు అందరినీ పట్టుకుని ఏడ్చింది మా చెల్లె. నా దగ్గరికి వచ్చి, కళ్ళు తుడుచుకుని మెల్లగా అడిగింది. "అన్నా, గా లొల్లిల సరిగ ఇన్లే, గా చరణం మంచిగుండెనా?"

"ఏం లేదు చెల్లె. వట్టి సాగదీసుడు. నేనే తీసెయ్యాలనుకుంటున్న" అన్నాను. ధ్వని విషయంలో నేను ఆడిన అబద్ధాలు చాలా ఉన్నాయి గానీ, బాధపడకుండా ఆడింది ఇదొక్కటే. అది నమ్మింది. నమ్మి నవ్వుతూ కారెక్కింది.

మామ ఇప్పుడు లేడు. ప్లేయరు అటకెక్కింది, నాకు పిల్లలు, ఆఫీసులో బరువులు. ఈమధ్య ఫోనులో ఆ పాట మొత్తం దొరుకుతోందని తెలిసింది, మూడు చరణాలూ, దుమ్ము లేకుండా, మోటార్ల గొడవ లేకుండా. ఒకసారి హైదరాబాదు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. రెండో చరణం అయిపోయి, పాడేవాడు ఊపిరి తీసుకోగానే, గబుక్కున ఆపేశాను. నాకు తప్ప ఎవరికీ వినబడని పాట, చుట్టుపక్కల ఎక్కడా పెళ్ళి కూడా లేదు.